ఆటగాళ్లను చూసి పిల్లలు ఏం నేర్చుకుంటున్నారు? మా అబ్బాయి విషయంలో సలహా కావాలి

ఖమ్మం నాన్న

మా వాడు తొమ్మిదో తరగతి. వాడికి లోకమంటే క్రికెట్, క్రికెట్ అంటే మన హైదరాబాద్ ఫాస్ట్ బౌలర్ సిరాజ్. గోడ మీద అతని ఫోటో, ట్యూషన్ నుంచి రాగానే ఫోన్‌లో అతని పాత స్పెల్స్, గల్లీ ఆటలో వికెట్ పడితే అతనిలాగే గాల్లోకి ఎగిరి చేతులు కిందికి విదిలించడం (అది సిరాజ్ ఫుట్‌బాల్ ఆటగాడు రొనాల్డోని చూసి నేర్చుకున్నాడట, మా వాడే చెప్పాడు). దీనికి నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు. ఆటో నడిపిన తండ్రి కొడుకు అంత దూరం వెళ్లాడంటే చూసి నేర్చుకోనీ అనుకున్నాను.

కానీ 2025 ఐపీఎల్ అప్పుడు నా ఫోన్ నుంచి విడతలు విడతలుగా 4,200 రూపాయలు పోయాయి. తెలంగాణలో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2017 నుంచే నిషేధం ఉంది కదా, అందుకని మా వాడు ఆ డబ్బులు బెంగళూరులో ఉండే మా మేనల్లుడికి పంపి, వాడి అకౌంట్‌లో ఫాంటసీ క్రికెట్ (నిజం ఆటగాళ్లతో మన టీమ్ కట్టి డబ్బులు పెట్టే ఆట) టీమ్‌లు పెట్టించాడు. గట్టిగా అడిగితే ఏడవలేదు, భయపడలేదు కూడా. "పెద్ద పెద్ద ప్లేయర్లే ఆడమని టీవీలో చెప్తుంటే తప్పెలా అవుతుంది నాన్నా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆ తర్వాత ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చి ఆ ఆటల్నీ ఆ ప్రకటనల్నీ ఆపేసింది గానీ వాడి మాట మాత్రం నా బుర్రలోంచి పోవడం లేదు. మా ఆవిడ ఫోటోలన్నీ పీకేసి క్రికెట్ మాన్పించమంటోంది. ఈ ఆటగాళ్లు పిల్లలకు ఆదర్శంగా పనికొస్తారా అసలు? మీ ఇళ్లల్లో ఏం చేస్తున్నారు?

పీఈటీ సార్

అన్నా, నేను జడ్పీ హైస్కూల్లో 19 ఏళ్లుగా పీఈటీని. ముందుగా ఒక మాట, క్రికెట్ మాన్పించకండి. ఆడే పిల్లవాడు సాయంత్రం రెండు గంటలు గ్రౌండ్‌లో ఉంటాడు, ఆట మానేస్తే ఆ రెండు గంటలూ ఫోన్‌లోనే ఉంటాడు, ఇది నేను ఎన్నో ఇళ్లల్లో చూశాను.

ఇక ప్రకటనల సంగతి. మా పిల్లలకు నేను ప్రతి ఏడాదీ గోపీచంద్ గారి గురించి చెప్తాను. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచి వచ్చాక ఒక పెద్ద కూల్‌డ్రింక్ కంపెనీ ప్రకటన చెయ్యమని వస్తే, నేను తాగనిది పిల్లల్ని తాగమని ఎలా చెప్తానని వద్దనేశారు. అప్పటికి ఆయన దగ్గర డబ్బులు మూలుగుతున్నాయా అంటే లేవు, ఆ తర్వాత అకాడమీ కోసం ఇల్లే తాకట్టు పెట్టారు. ఆ అకాడమీ నుంచే సైనా, సింధు ఒలింపిక్ పతకాలు తెచ్చారు. మీ వాడికి ఈ కథ చెప్పి, ప్రకటన చెయ్యొచ్చు, చెయ్యకుండా ఉండొచ్చు, రెండూ ఆటగాడి చేతిలోనే ఉన్నాయని చెప్పండి. పెద్ద ప్లేయర్ చెప్తే ఒప్పయిపోతుందనే నమ్మకం అక్కడ కొంచెం కదులుతుంది.

అదే గోపీచంద్ గారు 2025 మొదట్లో, ఇంట్లో డబ్బో వ్యాపారమో లేకపోతే పిల్లల్ని ఆటల్లోకి పంపొద్దని తల్లిదండ్రులకు చెప్పారు. చాలామందికి కోపం వచ్చింది. నాకు మాత్రం ఆయన మీద గౌరవం పెరిగింది, ఎందుకంటే జిల్లా స్థాయి దాకా ఆడి, డిగ్రీ మధ్యలో వదిలేసి, ఇప్పుడు ఏ ఉద్యోగమూ లేక నా దగ్గరికొచ్చి కూర్చునే కుర్రాళ్లను నేను రోజూ చూస్తున్నాను. నిజం చెప్పే ఆటగాడు దొరకడం మన పిల్లల అదృష్టం.

పాత సిటీ అభిమాని

నేను 2000లో పదో తరగతి. మా నాన్నకు, నాకు, మా గల్లీ మొత్తానికి అజహరుద్దీన్ అంటే ప్రాణం. ఆడిన మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టినవాడు మన హైదరాబాద్ వాడని మా నాన్న ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవాడు. నేను కాలర్ లేపుకొని బ్యాటింగ్‌కి వెళ్లేవాణ్ని, మణికట్టు తిప్పి లెగ్ సైడ్ కొట్టడం కోసం ఆఫ్ స్టంప్ బయట బంతిని కూడా లాగి ఔటయ్యేవాణ్ని. ఆ డిసెంబర్‌లో మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో బోర్డు జీవితకాల నిషేధం వేసింది. 99 టెస్టుల దగ్గర ఆగిపోయింది, చివరి టెస్టులో సెంచరీ కొట్టిన మనిషి మళ్లీ ఆడలేదు. మా నాన్న మూడు రోజులు పేపర్ తెరవలేదు.

2012లో హైకోర్టు ఆ నిషేధం చెల్లదని చెప్పింది, అప్పటికి మా నాన్న లేరు.

ఇదంతా ఎందుకంటే, ఆ పదిహేనేళ్ల వయసులో నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. స్కూల్లో ఒకడు తిట్టాడు, ఇంకొకడు వెనకేసుకొచ్చాడు, నేను పోస్టర్లు చింపేసి మంచం కింద పడేసి ఒక్కణ్నే ఏడ్చాను. ఆ బ్యాటింగ్ అందం నిజమే, బోర్డు శిక్ష వేసిందీ నిజమే, రెండూ ఒకే మనిషి గురించి అని ఎవరైనా పక్కన కూర్చొని చెప్పి ఉంటే నాకు అంత కష్టంగా ఉండేది కాదు. మీరు ఫోటో పీకేస్తే మీ వాడు కూడా అలాగే ఒక్కడే అయిపోతాడు. దయచేసి పీకకండి అన్నా.

ఇంజనీరింగ్ తమ్ముడు

సిరాజ్ గురించి ఒకటి చెప్పాలి. 2020 నవంబర్‌లో ఆస్ట్రేలియాలో ఉండగా వాళ్ల నాన్న చనిపోయారు, బోర్డు ఇంటికి వెళ్లమన్నా ఆగిపోయాడు, బ్రిస్బేన్‌లో ఐదు వికెట్లు తీశాడు, తిరిగొచ్చి ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా నాన్న సమాధి దగ్గరికి వెళ్లాడు. ఇది అందరూ చెప్పేదే. నాకు దానికన్నా ఎక్కువ నచ్చింది సిడ్నీలో జరిగింది. ప్రేక్షకులు జాత్యహంకారంతో తిడుతుంటే, ఆడుతున్నది రెండో టెస్టే అయినా, మింగేసి ఊరుకోలేదు. కెప్టెన్ రహానేకి చెప్పాడు, విషయం అంపైర్ల దాకా వెళ్లింది, ఆట ఆగింది, కొందర్ని స్టాండ్స్ నుంచి బయటికి పంపారు. హాస్టల్లో సీనియర్లు ఏడిపిస్తే వార్డెన్‌కి చెప్పడానికి నాకు నెల రోజులు పట్టింది, అప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే.

నెల్లిమర్ల అక్క

తమ్ముడూ, సిడ్నీ మాట బాగా చెప్పావు. కానీ నాన్న అంత్యక్రియలకు రాకుండా ఆగిపోవడాన్ని పిల్లలకు గొప్పగా చెప్పడం నాకు ఇష్టం లేదు. అప్పుడు కరోనా క్వారంటైన్, వస్తే మళ్లీ జట్టులో కలవడం కుదరదు, నాన్న కల నెరవేర్చమని వాళ్ల అమ్మే చెప్పింది. అది వాళ్ల ఇంటి బాధ, వాళ్ల ఇంటి నిర్ణయం. దాన్ని పాఠంలా చెప్తే రేపు మన పిల్లలు ఇంట్లో ఏం జరిగినా ఏడవకూడదని అనుకుంటారు.

మాది విజయనగరం జిల్లా. నేను ఐదేళ్లు బరువులు ఎత్తాను, నడుం నొప్పి వచ్చి ఆపేశాను. సిడ్నీ ఒలింపిక్స్‌లో మల్లీశ్వరి గారు 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు మా ఇంట్లో టీవీ ముందు వీధంతా కూర్చుంది. అయినా నన్ను జిమ్‌కి నడిపించింది మాత్రం పక్క ఊరు కొండవెలగాడ అమ్మాయిలు. ఆ ఊళ్లో ఆడపిల్లలు బరువులెత్తడం అంటే నీళ్లు తోడినంత మామూలు విషయం. వాళ్లు ఏం తింటున్నారో, నొప్పొస్తే ఎలా ఏడుస్తున్నారో, పోటీ ఓడిపోయి వచ్చి మర్నాడు మళ్లీ ఎలా వస్తున్నారో కళ్లారా చూడొచ్చు. టీవీలో కనిపించే వాళ్లది పతకం రోజు మాత్రమే కదా.

ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్‌వెల్త్‌లో కాంస్యం గెలిచింది. ఆ విభాగంలో స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి డోప్ పరీక్షలో దొరికింది, సంతోషి పతకం రజతమైంది. ఆ నైజీరియా అమ్మాయికి అప్పుడు 16 ఏళ్లు. ఆ వయసు పిల్ల చేతికి తప్పుడు మందు ఎలా వచ్చింది, పక్కనున్న పెద్దవాళ్లు ఏం చేస్తున్నారని మేం చాలా రోజులు మాట్లాడుకున్నాం.

ఖమ్మం నాన్న గారూ, మీ వాడికి సిరాజ్‌ని ఉండనివ్వండి. దాంతోపాటు మీ ఊళ్లో రోజూ కనిపించే ఆటగాడు ఒకడిని, రంజీ దాకా వెళ్లకపోయినా పర్వాలేదు, చూపించండి. ఇంకోమాట, కోపంగా ఉన్నప్పుడు మాట్లాడొద్దు, సిరాజ్‌లో ఏం నచ్చిందో ముందు వాణ్నే అడగండి.

ఖమ్మం నాన్న

అందరికీ ధన్యవాదాలు. ఫోటో గోడ మీదే ఉంది, మా ఆవిడకు ఈ మాటలన్నీ చదివి వినిపించాను.

అక్క చెప్పినట్టు నిన్న రాత్రి వాణ్నే అడిగాను. స్పీడో, స్వింగో అంటాడనుకున్నా. "ఓవల్ టెస్టులో ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కేశాడు కదా నాన్నా, బ్రూక్ సెంచరీ కొట్టేశాడు, మర్నాడు సిరాజే వచ్చి చివరి వికెట్ తీసి 6 పరుగులతో గెలిపించాడు. నేనైతే మర్నాడు గ్రౌండ్‌కే వెళ్లేవాణ్ని కాదు" అన్నాడు. నేనేమీ అనలేదు. కాసేపు ఊరుకొని, 4,200 మాత్రమే కాదు, ఫ్రెండ్ దగ్గర ఇంకో 1,500 తీసుకున్నానని, వాడు రోజూ అడుగుతుంటే రెండు వారాలుగా స్కూల్లో వాడికి కనపడకుండా తిరుగుతున్నానని చెప్పాడు. ఇన్నాళ్లూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

రేపు సాయంత్రం ఇద్దరం ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి డబ్బులిచ్చి వస్తాం. నెలకు 300 చొప్పున వాడి పాకెట్ మనీలోంచి కట్ చేస్తానన్నాను, సరేనన్నాడు. పీఈటీ సార్, ఎర్ర బంతి కోచింగ్ ఏ వయసులో మొదలుపెట్టాలో మీకు మెసేజ్ పెట్టాను, వీలున్నప్పుడు చూడండి.