చిన్న ఆసుపత్రిలో ప్రమాద బాధితుల వైద్యం: బృందానికి శిక్షణ ఎలా ఇవ్వాలి?

పెన్నాతీరం (ప్రశ్న)

అనంతపురం జిల్లాలో 44వ నంబరు జాతీయ రహదారికి దగ్గరలో ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో నేను వైద్యాధికారిని. రాత్రి డ్యూటీలో ఒక వైద్యుడు, ఇద్దరు స్టాఫ్ నర్సులు, ఒక ఎం.ఎన్.ఓ. (నర్సులకు సాయపడే పురుష సహాయకుడు) మాత్రమే ఉంటాం. సి.టి. స్కాన్ లేదు, రక్తనిధి లేదు. అనంతపురం పెద్దాసుపత్రికి గంట ప్రయాణం. పోయిన నెలలో ఆటో బోల్తా పడి ఐదుగురు ఒకేసారి వచ్చారు. అందరమూ గట్టిగా అరుస్తున్న మనిషి చుట్టూ చేరాం. మూలన కదలకుండా పడి ఉన్న యువకుడికి ఊపిరి సరిగా ఆడటం లేదని ఒక నర్సు గమనించినా, నాకు చెప్పడానికి సందేహించారు. అతను బతికాడు గానీ, ఆ పది నిమిషాలు నన్ను వదలడం లేదు. ఒకరిని నగరంలో కోర్సుకు పంపడం మేలా, ఇక్కడే అందరికీ నేర్పడం మేలా? శిక్షణ బొమ్మలు కొనే వీలు మాకు లేదు.

కొండారెడ్డి బురుజు (విశ్రాంత శస్త్రవైద్యుడు, కర్నూలు)

అందరికీ, మీ గదిలోనే, మీ సామానుతోనే నేర్పండి. ఒక్కరినే పంపితే ఆ ఒక్కరికీ బదిలీ అయిన రోజున విద్య కూడా వెళ్ళిపోతుంది. నా సర్వీసులో ఇది పలుమార్లు చూశాను.

నగరాల్లో నేర్పే ఎ.టి.ఎల్.ఎస్. (తీవ్రంగా గాయపడినవారి ప్రాణాలు కాపాడే వైద్యం) కోర్సును తక్కువ చేయడం లేదు. అది పుట్టిందే ఊరి ఆసుపత్రి లోటు నుంచి. 1976లో అమెరికాలోని నెబ్రాస్కాలో సొంత విమానం పొలంలో కూలి భార్యను పోగొట్టుకున్న ఎముకల వైద్యుడు జేమ్స్ స్టైనర్, గాయపడిన తన పిల్లలకు అక్కడి చిన్న ఆసుపత్రిలో జరిగిన వైద్యం చూసి కలత చెందారు. 1978లో మొదటి కోర్సు నడిచింది. అయితే అది ప్రధానంగా వైద్యుల కోసం. మీ బృందానికి 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ కలిసి తెచ్చిన ప్రాథమిక అత్యవసర వైద్య పాఠ్యక్రమం బాగా సరిపోతుంది. పరికరాలు తక్కువగా ఉన్న చోట్ల కోసమే దానిని రాశారు.

సాధనకు మీలో ఒకరిని బల్ల మీద పడుకోబెట్టండి. కటి ఎముక (పెల్విస్) విరిగిందని అనుమానం వస్తే దుప్పటితో బిగించడం నేర్పండి. చాలామంది నడుముకు కడతారు, అది తప్పు. తొడల పైభాగంలో రెండు పక్కలా చేతికి తగిలే ఎముక గుబ్బల ఎత్తులో కట్టాలి. రక్తస్రావాన్ని తగ్గించే మందు ట్రానెగ్జామిక్ ఆమ్లం సంగతి మరీ ముఖ్యం. 40 దేశాల్లో 20,000 మందికి పైగా క్షతగాత్రులపై జరిగి 2010లో వెలువడిన క్రాష్-2 పరిశోధన ప్రకారం, తీవ్రంగా రక్తం పోతున్నవారికి గాయమైన మూడు గంటల లోపు ఇస్తేనే దానివల్ల మేలు. ఆలస్యమైతే హాని కూడా జరగవచ్చు. కనుక పది నిమిషాల్లో ఎక్కించవలసిన మొదటి గ్రాము మీ దగ్గరే పడాలి. ఇచ్చిన సమయాన్ని రిఫరల్ చీటీ మీద తప్పక రాయండి.

కడప స్టాఫ్ నర్సు

డాక్టరు గారూ, ఆ నర్సు సంగతి రాసినందుకు కృతజ్ఞతలు. మాకు తెలియక కాదు, మధ్యలో మాట్లాడితే ఏమనుకుంటారోనని ఆగిపోతాం. మా దగ్గర డ్యూటీ మారగానే తల దగ్గర ఎవరు, సెలైన్ ఎవరు, రాసేది ఎవరు అని పేర్లు బోర్డు మీద రాసుకుంటాం. గాయపడినవారి వైద్యంలో ఏ పనీ మరచిపోకుండా సరిచూసుకునే ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్రామా చెక్‌లిస్టు రెండుసార్లు ఆగమంటుంది: పరీక్షలు పూర్తయిన వెంటనే ఒకసారి, బృందం రోగిని విడిచి వెళ్ళే ముందు మరోసారి. దానిని పైకి చదివే పని నర్సుకే అప్పగించండి. అడగడమే ఆమె విధి అయినప్పుడు వెనకాడవలసిన అవసరం ఉండదు.

108 ఉద్యోగి

మీ సాధనకు మమ్మల్ని కూడా పిలవండి. స్ట్రెచర్ దించుతూ మేం చెప్పే మాటలను ఎవరూ వినకపోతే దారిలో చూసినదంతా వృథా అవుతుంది. అర నిమిషం అందరూ ఆగి వినడం కూడా అలవాటు చేసుకోవలసిన పనే.

పెన్నాతీరం

అందరికీ ధన్యవాదాలు. ఈ ఉదయం దుప్పటి కట్టడం చేసి చూశాం. ముగ్గురిలో ఇద్దరం నడుముకే కట్టాం, అందులో నేనూ ఒకణ్ణి. ఆదివారం మధ్యాహ్నం 108 వారితో కలిసి మళ్ళీ చేస్తాం. చెక్‌లిస్టు తానే చదువుతానని ఆ నర్సు ముందుకు వచ్చారు.