గర్భసంచి ఆపరేషన్ తర్వాత యాంటీబయాటిక్ మాత్రలు రాయలేదు, ఫర్వాలేదా?

అమ్మకి 52 ఏళ్లు. ఫైబ్రాయిడ్ల (గర్భసంచిలో గడ్డలు) వల్ల పొట్ట కోసి గర్భసంచి తీసేశారు. ఈరోజుకి తొమ్మిదో రోజు. డిశ్చార్జ్ చీటీలో నొప్పి మాత్రలు, ఐరన్ తప్ప యాంటీబయాటిక్ లేదు. అడిగితే డాక్టరమ్మ "కోతకి ముందు గంటలోపే సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ 2 గ్రాములు ఇచ్చేశాం, అది చాలు" అన్నారు. ఆపరేషన్ అయ్యాక ఇన్ఫెక్షన్ నివారణ కోసం యాంటీబయాటిక్ కొనసాగించొద్దని డబ్ల్యూహెచ్‌ఓ కూడా చెబుతోందట. బుర్రకి ఎక్కింది, మనసుకి ఎక్కలేదు. ఎందుకంటే మా పెద్దమ్మకి ఇదే ఆపరేషన్‌కి ఏడు రోజుల కోర్సు వాడారు. ఆవిడేమో రోజూ ఫోన్ చేసి "మెడికల్ షాపులో అడిగి తెచ్చి వెయ్యవే" అంటోంది. నేను తేలేదు.

అమ్మకి జ్వరం లేదు, కుట్లు పొడిగానే ఉన్నాయి. కానీ నిన్నటి నుంచి ప్యాడ్ మీద రూపాయి బిళ్లంత గోధుమరంగు మరక కనిపిస్తోంది. వాసన లేదు. దిండు పొట్టకి అదుముకుని మంచం దిగుతూ "లోపల కుట్టు ఊడిందేమోనే" అంటుంది. ఇద్దరికీ టెన్షనే.

చెకప్ సోమవారం. ఈలోగా ఆసుపత్రికి ఫోన్ చేస్తే రిసెప్షన్ దాటి పోవట్లేదు. ఈ ఆపరేషన్ అయినవాళ్లు చెప్పండి: ఈ మరక మీకు ఎన్నాళ్లుంది? మాత్రలు లేకుండానే కోలుకున్నారా? ఏం కనిపిస్తే సోమవారం దాకా ఆగకుండా తీసుకెళ్లాలి?