జూలై 19 నుంచి అన్నీ ఎత్తేస్తారంట, అసలు ఏ లెక్కన పాస్ అయ్యాం?

లీడ్స్ వాసి, 13 జూలై 2021
అందరికీ నమస్కారం అండి. నిన్న సాయంత్రం ఇంగ్లండ్‌లో కరోనా రూల్స్ ఎత్తేయడం మీద పెట్టిన ప్రెస్ మీట్ చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు, ఇక్కడ ఉన్నవాళ్ళు ఎవరైనా కాస్త చెప్తారేమో అని రాస్తున్నా. 19 నుంచి మాస్కు రూల్ లేదు, మీటరు దూరం లేదు, నైట్ క్లబ్బులు కూడా తెరుస్తారు, ఇక మీదట ఎవరి జాగ్రత్త వాళ్ళదే అంటున్నారు.

ఫిబ్రవరి 22న గవర్నమెంటు లాక్‌డౌన్ ఎత్తేసే రోడ్‌మ్యాప్ ఇచ్చినప్పుడు నాకు నిజంగా నచ్చింది. తేదీలు కాదు డేటా చూసి అడుగు వేస్తాం అన్నారు, అడుగుకి అడుగుకి మధ్య ఐదు వారాలు గ్యాప్ పెట్టారు, మార్చి 8న స్కూళ్ళు, ఏప్రిల్ 12న షాపులు, మే 17న లోపల కూర్చుని తినడం, అలా ఒక పద్ధతిగా వచ్చారు. జూన్ 21న చేయాల్సిన ఆఖరి స్టెప్ డెల్టా వేరియంట్ వల్ల నాలుగు వారాలు వాయిదా వేస్తే అదీ కరెక్టే అనుకున్నా. కానీ ప్రతి అడుగుకి ముందు పాస్ అవ్వాలన్న ఆ నాలుగు టెస్టులు ఉన్నాయి చూడండి, వ్యాక్సిన్ అందుతోందా, అది పనిచేస్తోందా, కేసులు పెరిగి ఆసుపత్రులు తట్టుకోలేని పరిస్థితి వస్తుందా, కొత్త వేరియంట్ వల్ల లెక్క మారిందా అని, వీటిలో ఒక్కదానికైనా పాస్ మార్కు ఇంత అని నంబర్ రాశారా? నేను ఆ డాక్యుమెంట్ రెండుసార్లు చదివా, నాకు కనపడలేదు. హెల్త్ సెక్రటరీ గారే రోజుకి లక్ష కేసులు రావచ్చు అంటున్నారు, మళ్ళీ మూడో టెస్టు పాస్ అంటున్నారు. లక్షకి పాస్ అయితే ఎంతకి ఫెయిల్?

నేనెందుకింత అడుగుతున్నానంటే, మా ఆవిడకి 2018లో కిడ్నీ మార్పిడి జరిగింది. కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా రోజూ ఇమ్యూనిటీ తగ్గించే మాత్రలు వేసుకోవాల్సిందే, జీవితాంతం. రెండు డోసులూ అయ్యాయి. కానీ అమెరికాలో మార్పిడి జరిగిన 658 మందిని చూస్తే రెండో డోసు తర్వాత కూడా 46 శాతం మందిలో యాంటీబాడీలే కనపడలేదని మే నెలలో పేపర్ వచ్చింది. తను ఎటువైపు ఉందో మాకు తెలీదు. తను బస్సులో ఆఫీసుకి వెళ్ళాలి. పక్కన కూర్చున్న మనిషి మాస్కు పెట్టుకోకపోతే మా ఆవిడ తీసుకునే జాగ్రత్త ఏముంటుంది చెప్పండి?

కర్రీ హౌస్, బర్మింగ్‌హామ్, 13 జూలై
అన్నా, మీ ఇంట్లో పరిస్థితి చదివాక బాధేసింది. కానీ మా వైపు కూడా ఒకసారి చూడండి. మాది చిన్న రెస్టారెంటు, మే 17న లోపల సీటింగ్ తెరిచాం కానీ దూరం రూల్‌తో టేబుళ్ళు సగానికి సగం తీసేశాం, రెంట్ మాత్రం సగం కాలేదు కదా. పని లేక ఇంట్లో ఉన్న స్టాఫ్‌కి గవర్నమెంటు ఇచ్చే ఫర్లో జీతాల్లో ఈ నెల నుంచి 10 శాతం మేమే కట్టాలి, సెప్టెంబర్ 30తో ఆ స్కీమే అయిపోతుంది. ఇంకో వాయిదా అంటే ఇద్దర్ని తీసేయాలి, వాళ్ళకీ పిల్లలున్నారు.
ఇంకోటి, చీఫ్ మెడికల్ ఆఫీసర్ విట్టీ గారు చెప్పింది నాకు సబబే అనిపించింది. ఎప్పుడు తెరిచినా కేసులు ఒకసారి పెరగక తప్పదు, అది స్కూళ్ళకి సెలవులు ఉండి జనం బయట తిరిగే ఎండాకాలంలో అయితే నయం, ఫ్లూ సీజన్‌లో పడితే ఇంకా కష్టం. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు అన్నా?

లీడ్స్ వాసి, 13 జూలై
తమ్ముడూ, తెరవొద్దని నేను అనట్లేదు, నా పోస్టు అలా అనిపిస్తే సారీ. మీ టేబుళ్ళు వేసుకోండి, జనం రావాలి. నేను అడిగేది మాస్కు గురించి. బస్సులో, ట్రైన్‌లో, సూపర్‌మార్కెట్‌లో మాస్కు ఉంచితే ఎవరి షాపు మూతపడింది, ఎవరి ఉద్యోగం పోయింది? అన్నిట్లోకి ఖర్చు తక్కువ ఉన్నదాన్నే ఖర్చు ఎక్కువ ఉన్నవాటితో కలిపి ఒకే రోజు తీసేయడం ఎందుకు అన్నదే నా బాధ.

వార్డు నర్సు, లెస్టర్, 14 జూలై
నైట్ డ్యూటీ దిగి రాస్తున్నా, తప్పులుంటే ఏమనుకోకండి. జనవరితో పోలిస్తే ఇప్పుడు చాలా తేడా ఉంది, అది ఒప్పుకోవాలి. అప్పుడు దేశం మొత్తం మీద రోజుకి 4 వేల పైన అడ్మిషన్లు, ఇప్పుడు వందల్లో ఉన్నాయి, వ్యాక్సిన్ పనిచేస్తోంది అనడానికి నాకు పేపర్లు అక్కర్లేదు, వార్డులోనే కనపడుతోంది. కానీ కేసుకీ ఆసుపత్రికీ మధ్య లింకు బలహీనపడింది, తెగలేదు. కేసులు పది రెట్లు అయితే చిన్న శాతం కూడా పెద్ద సంఖ్యే అవుతుంది కదండి.
బయటవాళ్ళకి తెలియని ఇంకో సంగతి, బెడ్లు ఉన్నా మనుషులు ఉండట్లేదు. పాజిటివ్ వచ్చిన మనిషి దగ్గర ఉన్నారని యాప్‌లో పింగ్ వచ్చిందని ఒకరు, పిల్లాడికి పాజిటివ్ అని ఇంకొకరు ఇంట్లో ఉండిపోతే మా షిఫ్టులో ఎనిమిది మంది పని ఐదుగురం చేస్తున్నాం. ఇంగ్లండ్‌లో వెయిటింగ్ లిస్టు 53 లక్షలు దాటింది, మోకాలు ఆపరేషన్ కోసం ఏడాదిగా ఎదురుచూసే పెద్దావిడకి ఇంకోసారి వాయిదా అని ఫోన్ చేసి చెప్పేది మేమే. కోవిడ్ పేషెంట్లు ఎంతమంది అన్న ఒక్క అంకె చూసి తట్టుకుంటున్నాం అనుకుంటే పొరపాటు.
ఇంకా, ఎవరి జాగ్రత్త వాళ్ళదే అంటారు, మరి దగ్గు వస్తే ఇంట్లో ఉండటానికి అందరి దగ్గరా డబ్బుండాలి కదా. సిక్ పే వారానికి 96.35 పౌండ్లు. ఆ డబ్బుతో లండన్‌లో కాదు కదా ఎక్కడా బతకలేరు. 500 పౌండ్ల సపోర్ట్ పేమెంట్ ఉంది కానీ అందరికీ రాదు. టెస్ట్ చేయించుకోకుండా పనికి వెళ్ళేవాళ్ళని నేను తిట్టలేను.
లీడ్స్ అన్నయ్యా, వదినగారికి ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు తీసుకోండి, ముక్కు దగ్గర సరిగ్గా అతుక్కోవాలి, అది వేసుకునే మనిషిని కూడా కాపాడుతుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని తెరవమనండి. వర్క్ ఫ్రమ్ హోమ్ కొనసాగించమని ట్రాన్స్‌ప్లాంట్ టీమ్ దగ్గర లెటర్ అడగండి, చాలామందికి ఇస్తున్నారు.

పక్కదేశం సంగతి, 14 జూలై
వేరే దేశాల్లో ఏమైందో చూడకుండా ఇక్కడ ఎలా డిసైడ్ చేస్తారో నాకు అర్థం కాదు. నెదర్లాండ్స్‌లో జూన్ 26న నైట్ క్లబ్బులు తెరిచారు, కేసులు ఎగిరి కూర్చున్నాయి, జూలై 10న మళ్ళీ మూశారు, మొన్న అక్కడి ప్రధాని రుట్టే గారు లెక్క తప్పాం అని క్షమాపణ కూడా చెప్పారు. ఇజ్రాయెల్ జూన్ 15న లోపల మాస్కు తీసేసి పది రోజుల్లో, అంటే 25న, మళ్ళీ పెట్టింది. తప్పు చేయడం తప్పు కాదు, వెనక్కి రావడానికి ఒక దారి ఉంచుకున్నారు. మన దగ్గర మాత్రం ఇది తిరిగి రాని దారి అని మొదటే చెప్పేశారు, అదే నాకు భయం. స్కాట్లాండ్, వేల్స్ మాస్కు ఉంచుతున్నాయి, లండన్ ట్యూబ్ రైళ్ళలో కూడా ఉంచుతాం అని ఇవాళ చెప్పారు. ఒకే ట్రైన్‌లో బోర్డర్ దాటితే రూల్ మారిపోతుంది, వైరస్‌కి ఆ బోర్డర్ తెలుసా?

కర్రీ హౌస్, బర్మింగ్‌హామ్, 15 జూలై
నర్సు అక్కా, మీరు రాసింది చదివాక మా స్టాఫ్‌తో మాట్లాడా. లోపల సర్వ్ చేసేవాళ్ళు మాస్కు తీయొద్దని, ఒంట్లో బాగోకపోతే రావొద్దని, ఆ రోజులకి జీతం కోయను అని చెప్పా. ఇద్దరు ముగ్గురికి అలా ఎన్ని రోజులు ఇవ్వగలనో తెలీదు కానీ చెప్పా.

లీడ్స్ వాసి, 4 సెప్టెంబర్ 2021
చాలా రోజులకి రాస్తున్నా. నేను భయపడ్డట్టు లక్ష కేసులు రాలేదు, జూలై 17న 54 వేలు దాటాయి, నెలాఖరుకి అందులో సగానికి పడ్డాయి, ఎందుకు తగ్గాయో సైంటిస్టులే తలో మాట అన్నారు. ఆ విషయంలో నా అంచనా తప్పు, ఒప్పుకుంటున్నా. కానీ మళ్ళీ మెల్లగా పెరిగి రోజుకి 30 వేల పైనే ఉన్నాయి, స్కూళ్ళు ఇప్పుడే తెరిచారు. పాస్ మార్కు ఎంత అన్నదానికి మాత్రం జవాబు ఇప్పటికీ దొరకలేదు.
మా ఆవిడ బాగానే ఉంది. ఇంటి నుంచే పని, నర్సు చెల్లెమ్మ చెప్పిన లెటర్ పనికొచ్చింది, థాంక్స్ అమ్మా. సెప్టెంబర్ 1న ఇమ్యూనిటీ బాగా తగ్గినవాళ్ళకి మూడో డోసు ఇవ్వమని వ్యాక్సిన్ల మీద గవర్నమెంటుకి సలహా ఇచ్చే కమిటీ జేసీవీఐ చెప్పింది కదా, నిన్న మా జీపీ (ఫ్యామిలీ డాక్టర్) క్లినిక్‌కి ఫోన్ చేస్తే హాస్పిటల్‌ని అడగమన్నారు, హాస్పిటల్‌కి చేస్తే జీపీని అడగమన్నారు. ఇక్కడ ఎవరికైనా మూడో డోసు లెటర్ వచ్చిందా? వస్తే ఎవరు పంపారు, జీపీనా స్పెషలిస్టా? దయచేసి చెప్పండి, సోమవారం మళ్ళీ ఫోన్ చేయాలి.