సాల్ఫర్డ్ వస్తున్నాను: టీవీ గ్రాఫిక్స్ షోరీల్‌లో ఏం పెట్టాలి?

జడ్చర్ల నుంచి:
అన్నలకు, అక్కలకు నమస్తే. హైదరాబాద్‌లో బీఎఫ్ఏ యానిమేషన్ చేసి, ఒక న్యూస్ ఛానల్ గ్రాఫిక్స్ డెస్క్‌లో పనిచేశాను. సెప్టెంబర్‌లో మాస్టర్స్‌కు ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్ వస్తున్నాను. షోరీల్‌లో, అంటే ఉద్యోగాలకు చూపించే నా పని వీడియోలో, ఛానల్ పని పెట్టాలా, కాలేజీలో చేసిన షార్ట్ ఫిల్మ్ పెట్టాలా?

మిర్యాలగూడ, ఇప్పుడు మాంచెస్టర్:
చెల్లె, రీల్ సంగతి తర్వాత, ముందు ఇల్లు చూసుకో. బీబీసీ, ఐటీవీ ఛానళ్లు సాల్ఫర్డ్‌లోని మీడియాసిటీలో ఉన్నాయని అందరూ అక్కడే ఫ్లాట్ వెతుకుతారు, అద్దె మండిపోతుంది. ట్రామ్ ఉంది, ఎకిల్స్ వైపు చూడు. డిపాజిట్ ఐదు వారాల అద్దె దాటకూడదు, అది 2019 చట్టం. తీసుకున్న 30 రోజుల్లో ఓనర్ దాన్ని ప్రభుత్వం ఒప్పుకున్న స్కీములో పెట్టాలి. 2021లో మా ఓనర్ రెండు నెలల అద్దె నగదుగా అడిగాడు. మా రూమ్మేట్ ఇచ్చేశాడు, రసీదు లేదు. ఖాళీ చేసేటప్పుడు ఆ ఓనర్ వంటగది బండ మీద పసుపు మరకలని, పరదాలకు తాలింపు వాసన పట్టిందని, పరుపు మార్చాలని లెక్క రాసి, పైసా తిరిగి రాదన్నాడు. పరుపు మేము కొనుక్కున్నదే! నెల రోజులు ఫోన్లు ఎత్తలేదు. చివరికి ఏ స్కీములో పెట్టావో చెప్పు, లేకపోతే కోర్టు డిపాజిట్‌కు మూడు రెట్ల దాకా కట్టిస్తుంది అని ఈమెయిల్ పెడితే వారంలో మొత్తం డబ్బు పంపాడు. ఇంట్లో దిగిన రోజే ప్రతి గది వీడియో తీసుకో. నగదు మాత్రం ఇవ్వకు.

సూర్యాపేట, ఇప్పుడు డల్లాస్:
ఛానల్ పనే పెట్టమ్మా. లోయర్ థర్డ్‌లు (తెర కింద పేర్లు వచ్చే పట్టీలు), స్క్రోల్ (కింద కదిలే వార్తల లైను), బ్రేకింగ్ న్యూస్ ప్లేట్లు, ఎన్నికల రిజల్ట్స్ టెంప్లేట్లు అన్నీ పెట్టు. రీల్ సెకనుకు 29.97 ఫ్రేములకు మార్చు, ఆడియో లౌడ్‌నెస్ మైనస్ 24కు తెచ్చుకో. ఖర్చులకు ఇబ్బందైతే రాత్రిపూట హైదరాబాద్ ఛానళ్లకు ఫ్రీలాన్స్ చెయ్యి, డబ్బు ఇండియా ఖాతాలో పడితే ఎవరూ అడగరు.

నారాయణపేట, ఇప్పుడు లండన్:
అన్నా, ఆ చివరి మాట దయచేసి ఎవరికీ చెప్పకండి. స్టూడెంట్ వీసా మీద ఫ్రీలాన్స్ చేయకూడదు. డబ్బు ఏ దేశంలో పడిందన్నది కాదు, పని ఇక్కడ కూర్చుని చేస్తున్నామా అన్నదే లెక్క. క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటల ఉద్యోగం చేయవచ్చు, సొంతంగా బిల్లు వేసే పని మాత్రం కుదరదు. చదువు అయ్యాక గ్రాడ్యుయేట్ వీసా తీసుకుంటే చేసుకోవచ్చు. దానికి 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకు 18 నెలలే ఇస్తారు, అది చూసుకుని ప్లాన్ చేసుకో చెల్లె.

29.97, మైనస్ 24 అమెరికా లెక్కలు. ఇక్కడ ఇండియాలాగే 25 ఫ్రేములు, ఆడియో మైనస్ 23. ఉన్నది ఉన్నట్టు ఉంచు. మార్చితే స్క్రోల్ కుదుపులతో నడుస్తుంది.

సూర్యాపేట, ఇప్పుడు డల్లాస్:
నేను రీల్ గురించి చెప్పాను, ప్రసారం గురించి కాదు. ల్యాప్‌టాప్‌లో చూసేవాడికి 25 అయితే ఏంటి, 30 అయితే ఏంటి?

నారాయణపేట, ఇప్పుడు లండన్:
చూసేవాడు ఇరవై ఏళ్లుగా స్క్రోల్ చూస్తున్నవాడు అన్నా, కుదుపు వెంటనే పట్టేస్తాడు.

చెల్లె, అసలు విషయం ఫ్లాష్. మన బ్రేకింగ్ ప్లేట్లలో ఎరుపు, తెలుపు టకటకా కొట్టుకుంటాయి. ఇక్కడ తెరలో పావు వంతు కన్నా ఎక్కువ భాగం సెకనుకు మూడుసార్ల కన్నా ఎక్కువ మెరిస్తే టీవీ ప్రసారాలను నియంత్రించే ఆఫ్‌కామ్ ఒప్పుకోదు. ప్రోగ్రామ్ ఇచ్చే ముందు ఫ్లాష్ టెస్ట్ పాస్ కావాలి. 1997 డిసెంబర్‌లో జపాన్‌లో ఒక కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు చూసి వందలమంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. ఆ ప్లేట్లు తీసేసి ఎన్నికల టెంప్లేట్లు ముందు పెట్టు. డేటా మారితే బార్ ఎలా పెరుగుతుందో, పొడుగు పేరు వస్తే అక్షరాలు ఎలా సర్దుకుంటాయో చూపించు. లైవ్ టీవీ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ విజ్ఆర్‌టీ చేతికి వచ్చినవాళ్లు తక్కువ, నీకు వస్తే మొదటి లైన్‌లో రాయి. షార్ట్ ఫిల్మ్ నుంచి ఒకటి రెండు షాట్లు చాలు. మొత్తం నిమిషంన్నర దాటనివ్వకు. టీమ్‌తో చేసిన దానిలో నీ చేతి పని ఏదో కింద రాయి, ఇంటర్వ్యూలో ఆ షాట్ మీదే అడుగుతారు.

జడ్చర్ల నుంచి:
థాంక్స్ అన్నా. విజ్ఆర్‌టీలో మూడు జిల్లాల రిజల్ట్స్ టెంప్లేట్ నేనే కట్టాను, మహబూబ్‌నగర్ మ్యాప్‌తో సహా. కానీ అందులో ఛానల్ లోగో ఉంది, తీసేయాలా?

మిర్యాలగూడ, ఇప్పుడు మాంచెస్టర్:
ఛానల్‌లో మీ హెడ్‌ను అడిగి ఈమెయిల్‌లో అనుమతి తీసుకో, లోగో అలాగే ఉండనివ్వు. ఇంతకీ ఇల్లు చూశావా?