గోల్డ్ ఫిష్ మొప్పల మీద తెల్ల చుక్కలు: నాలుగు రోజులు మందు వేశాక గుటకలు వేస్తున్నాయి, మోతాదు పెంచాలా?

తెనాలి దర్జీ

నమస్కారం. తెనాలిలో నాకు చిన్న టైలరింగ్ దుకాణం ఉంది. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ల పిల్లలు గోల చేయకుండా ఉంటారని రెండున్నరేళ్ల కిందట కౌంటరు పక్కన చేపల తొట్టి పెట్టాను. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. టేపు ఎప్పుడూ నా మెడలోనే ఉంటుంది కాబట్టి ఈ కొలతలో తేడా ఉండదు. అందులో రెండు గోల్డ్ ఫిష్‌లు ఉన్నాయి. ఒకటి పూర్తిగా ఎర్రది, ఇంకొకటి తెలుపు మీద నారింజ మచ్చలున్నది. గాలి మోటారు, స్పాంజి ఫిల్టరు పగలూ రాత్రీ నడుస్తాయి. మునిసిపాలిటీ కుళాయి నీళ్లను ముందు రోజే బకెట్లలో పట్టి ఉంచి, వారానికి ఒకసారి మూడోవంతు మారుస్తాను. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు.

ఫిబ్రవరి మొదటి వారంలో ఎర్రదాని మొప్ప మూతల మీద తెల్లని చుక్కలు కనిపించాయి. ఉప్మా రవ్వ గింజంత ఉన్నాయి. మొప్పల వెనుక ఉండే రెక్కల మీద కూడా ఉన్నాయి, అయితే రెక్కంతా చల్లినట్టు కాదు. ముందు అంచు వెంట, చీరకు పీకో చేసినట్టు వరుసగా ఉన్నాయి. ఒంటి మీద లేవు. తెల్లదానికి ఒక్క చుక్క కూడా లేదు. ఎర్రది తిండి మానలేదు. నిజం చెప్పాలంటే ఎప్పటికంటే హుషారుగా తెల్లదాని వెంటపడి తిరిగేది.

ఫోనులో ఫోటో తీసుకుని చేపలు అమ్మే చోటికి వెళ్లాను. ఫోటో చూసీ చూడకముందే తెల్ల మచ్చల జబ్బు అన్నారు. మెథిలిన్ బ్లూ సీసా చేతిలో పెట్టి, నీళ్లు సిరా రంగుకు వచ్చేదాకా వేయమన్నారు. స్పాంజిలో క్రిములు దాక్కుంటాయి, వేడినీళ్లలో మరిగించమన్నారు. వాళ్లు చెప్పినదానికంటే నేను ఒక పాలు ఎక్కువే చేశాను. స్పాంజిని కుక్కర్లో పెట్టి మూడు విజిల్స్ రానిచ్చాను. మా ఆవిడ ఆ కుక్కర్లో ఇప్పటికీ అన్నం వండడం లేదు.

ఈ రోజుకు నాలుగు రోజులు. చుక్కలు తగ్గలేదు, కనీసం చోటు కూడా మారలేదు. కానీ పొద్దుటి నుంచి రాత్రి దాకా రెండు చేపలూ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. తెల్లదాని తోకలో ఎర్ర దారాల్లాంటి గీతలు వచ్చాయి. జబ్బు లేని చేపకు ఇలా ఎందుకు అవుతుంది? మందు మోతాదు పెంచాలా? దయచేసి తెలిసినవారు చెప్పండి. దుకాణంలో పిల్లలు అడుగుతుంటే సమాధానం చెప్పలేకపోతున్నాను.

వలలోచేప

ఇది కచ్చితంగా ఇక్ అనే తెల్ల మచ్చల జబ్బే. చర్మం కింద పరాన్నజీవి ఉన్నంతసేపు మందు దానికి తగలదు. అది రాలి, అడుగున పగిలి, పిల్లలు నీటిలో ఈదేటప్పుడే మందు పనిచేస్తుంది. అందుకే నాలుగు రోజులు చాలవు. హీటరు పెట్టి నీటిని 30 డిగ్రీలకు తీసుకువెళ్తే ఆ చక్రం త్వరగా తిరుగుతుంది. లీటరుకు రెండు గ్రాముల కల్లుప్పు కూడా వేసి పది రోజులు కొనసాగించండి. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికి వస్తుంది.

నీటిచుక్క

దర్జీ గారూ, హీటరు పెట్టకండి. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది. ఇప్పటికే గుటకలు వేస్తున్న చేపను ఇంకా బాధపెట్టినట్టవుతుంది. మందు కూడా ఇక ఒక్క చుక్క వేయవద్దు.

నేను చేపల రోగాలు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. రోగం పేరు చెప్పే ముందు నీటి సంగతి అడగడం మా అలవాటు. అమ్మోనియా, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం) పరీక్షించే కిట్ తెచ్చుకుని అంకెలు చెప్పండి. ఒకటి అడుగుతాను: ఆ చేప గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకోవడం ఎప్పుడైనా చూశారా? మీరు కుక్కర్లో ఉడికించింది మాత్రం క్రిములను కాదని నా అనుమానం. అంకెలు వచ్చాక చెబుతాను.

కొల్లేటి గట్టు

బాబాయ్ గారూ, మీరు పీకో అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నాది కైకలూరు దగ్గర. పన్నెండేళ్లు హ్యాచరీలో తల్లి చేపల దగ్గర పనిచేసి, ఇప్పుడు సొంతంగా చెరువు చూసుకుంటున్నాను. అద్దాల తొట్టెల గురించి నాకు పెద్దగా తెలియదు గానీ, ఈ రెక్క సంగతి మాత్రం బాగా తెలుసు.

శీలావతి, మోసు చేపలకు ఇంజక్షన్ చేసి గుడ్లు పెట్టించే ముందు మగదేదో ఆడదేదో వేరు చేయాలి. రాత్రిపూట, తడి చేతులతో, ఒక్కో చేపనూ పట్టుకుని మొప్ప వెనుక రెక్క మీద బొటనవేలు పెట్టి రాస్తాం. మగదైతే ఉప్పు కాగితంలా గరుకుగా ఉంటుంది. ఆడదైతే నున్నగా జారిపోతుంది. ఈ గరుకు ఏడాదంతా ఉండదు, గుడ్ల కాలంలోనే వస్తుంది. గోల్డ్ ఫిష్ కూడా కార్పు కుటుంబానిదే. మా చేపల్లో చేతికి తగిలేది దానిలో కంటికి కనిపిస్తుంది. మొప్ప మూతల మీద, ఆ రెక్కల ముందు అంచు మీద తెల్లని మొటిమలు లేస్తాయి. మీ ఎర్రది మగది. వయసుకు వచ్చింది, అంతే. వెంటపడి తిరుగుతోందని మీరే రాశారు. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది అంటారు కదా, నీళ్లు అలా వెచ్చబడే రోజులే దానికి కాలం.

తెల్ల మచ్చల జబ్బైతే ఒళ్లంతా, తోకంతా ఉప్పు చల్లినట్టు ఉంటుంది. ఈ రోజు చూసిన చుక్క నాలుగు రోజుల తరువాత అదే చోట ఉండదు. పైగా అంత చిన్న తొట్టిలో రెండో చేపకు అంటకుండా ఎక్కడ ఆగుతుంది?

మీ చేపకు జబ్బు లేదు. మందు వేశాకే జబ్బు వచ్చింది. ఇంకొక మాట. చెరువులో చేపలు తెల్లవారుజామున పైకి తేలితే గాలి చాలలేదని ఏరేటర్లు తిప్పుతాం, ఎండ పడ్డాక సర్దుకుంటాయి. మీ తొట్టిలో గాలి మోటారు నడుస్తూనే ఉంది, అయినా పగలంతా పైనే ఉంటున్నాయి. గాలి ఉంది, దాన్ని పీల్చుకునే మొప్పలు దెబ్బతిన్నాయి. ల్యాబు అమ్మాయి గారు అడిగిన అంకెలు వెంటనే చూడండి.

తెనాలి దర్జీ

కిట్ కోసం విజయవాడ వెళ్లి వచ్చాను. పెళ్లి బ్లౌజులు ఆరు ఆగిపోయాయి, అది వేరే సంగతి.

నీళ్ల నీలం రంగు వల్ల గొట్టంలో రంగు సరిగా తెలియక రెండుసార్లు చేశాను. అమ్మోనియా 2కీ 4కీ మధ్య ఉంది. పీహెచ్ 8. రాళ్లకు రుద్దుకోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. కొల్లేటి గట్టు గారు చెప్పాక భూతద్దం పెట్టి చూశాను. సూదిలో దారం ఎక్కించడానికి ఉంచుకున్నది లెండి. రెండు వైపులా అదే వరుస. కుట్టులో ఒక్క పోగు కూడా తప్పలేదు. ఆరోగ్యంగా ఉన్న చేపను పట్టుకుని నేను ఎంత పని చేశాను!

నీటిచుక్క

మిమ్మల్ని మీరు తిట్టుకునే పని తరువాత. ముందు బకెట్లు తీయండి.

చేప మొప్పల నుంచే అమ్మోనియా వదులుతుంది. మీ స్పాంజిలో రెండున్నరేళ్లుగా పెరిగిన బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఆ నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చేది. ఆ బాక్టీరియాను మీరు మూడు విజిల్స్ దాకా ఉడికించారు. రాళ్ల మీద మిగిలినదాని పని మందు పట్టి ఉంటుంది. ఇక అమ్మోనియా ఎక్కడికీ పోదు. పీహెచ్ 7 దగ్గర ఉంటే అందులో ఒక శాతం కూడా విషరూపంలో ఉండదు. 8 దగ్గర అది దాదాపు పదింతలవుతుంది. మొప్పలు కాలినట్టవడం, తోకలో ఎర్ర గీతలు అందుకే.

ఇప్పుడు సగం నీళ్లు తీసి కొత్తవి పోయండి, రాత్రి మళ్లీ సగం. నిల్వ పట్టిన నీళ్లు అన్ని ఉండవు కాబట్టి క్లోరిన్ విరుగుడు చుక్కలు వేసి, తొట్టి నీటి వెచ్చదనానికి తెచ్చి నెమ్మదిగా పోయండి. రేపటి నుంచి రోజూ సగం. మూడు రోజులు మేత పూర్తిగా మానేయండి. గోల్డ్ ఫిష్‌కు మూడు రోజుల ఉపవాసం ఒక లెక్క కాదు, తిన్నకొద్దీ అమ్మోనియా పెరుగుతుంది. నీలం పోవడానికి యాక్టివేటెడ్ కార్బన్ సంచి ఒకటి వేలాడదీయండి.

ఉప్పు విషయంలో వలలోచేప గారి సలహాను సగం వాడుకుందాం. లీటరుకు ఒక గ్రాము, అంటే మీకు 50 గ్రాములు, అయోడిన్ కలపని కల్లుప్పు. వేరే గిన్నెలో కరిగించి పోయాలి. ఇది మచ్చల కోసం కాదు. వారం పది రోజుల్లో మొదటి రకం బాక్టీరియా తిరిగి పుట్టి అమ్మోనియా తగ్గుతుంది, దానికి బదులు నైట్రైటు లేస్తుంది. నైట్రైటు మొప్పల్లోంచి రక్తంలోకి వెళ్తే రక్తం గోధుమ రంగుకు తిరిగి ఆక్సిజన్ మోయలేదు. ఉప్పులోని క్లోరైడు ఆ దారికి అడ్డం నిలబడుతుంది. ఉప్పు ఆవిరైపోదు కాబట్టి ఎన్ని లీటర్లు తీశారో అన్ని గ్రాములే మళ్లీ వేయాలి. మీరు కొలతల మనిషి, మీకు వేరే చెప్పనక్కరలేదు.

స్పాంజిని ఇకపై తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. కుళాయి కింద కూడా పెట్టకూడదు. అది శుభ్రంగా కనిపించాల్సిన వస్తువు కాదు.

ఇంకొక సంగతి. యాభై లీటర్ల తొట్టి రెండు గోల్డ్ ఫిష్‌లకు ఇరుకు. ఇవి జానెడు దాకా పెరుగుతాయి.

తెనాలి దర్జీ

తొట్టి ఇరుకన్నది నిజమే. నా దుకాణం కూడా ఇరుకే అమ్మా. కటింగ్ బల్ల తీసేస్తే తప్ప పెద్దది పట్టదు. ఆలోచిస్తాను. మిగతావన్నీ ఈ రోజే మొదలుపెడుతున్నాను.

వలలోచేప

క్షమించండి దర్జీ గారూ. తెల్ల చుక్కలు అన్నది చదివి జవాబు రాయడం మొదలుపెట్టాను, పీకో దాకా రాలేదు.

తెనాలి దర్జీ

అయిదు వారాల తరువాత రాస్తున్నాను. ఊరికే ధన్యవాదాలు చెప్పి వెళ్లిపోతే బాగుండదని అంకెలన్నీ కొలతల పుస్తకం చివరి పేజీల్లో రాసి ఉంచాను.

మొదటి రాత్రే ఎర్రది పైనుంచి కిందికి దిగింది. తెల్లది మూడో రోజు దాకా ఒక మూలనే ఉంది. తొమ్మిదో రోజున అమ్మోనియా సగానికి పడింది, పన్నెండో రోజుకు మీరు చెప్పినట్టే నైట్రైటు గొట్టం ముదురు ఊదా రంగుకు తిరిగింది. ఉప్పు వేసి ఉండటం వల్ల ఈసారి గుటకలు రాలేదు. మళ్లీ రోజూ బకెట్లు. కుడి భుజం పట్టేసి రెండు రోజులు మిషన్ తొక్కలేకపోయాను. నాలుగు వారాలు దాటాక రెండూ సున్నాకు వచ్చాయి. తెల్లదాని తోకలో గీతలు పోయాయి. అంచు మాత్రం ఒకచోట చిరిగి ఉంది, కొత్త పొర సన్నగా, అద్దంలా వస్తోంది. ఎర్రదాని చుక్కలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. జబ్బా అని అడిగినవాళ్లకు పెళ్లికొడుకని చెబుతున్నాను.

అసలు రాయాల్సింది ఇది. నిన్న ఉదయం షట్టరు ఎత్తేసరికి ఎర్రది తెల్లదాన్ని మొక్కల్లోకి తరుముతోంది. పదింటికల్లా ఆకుల నిండా, అద్దం మీద గసగసాల కంటే కొంచెం పెద్ద గుడ్లు. కొలతలకు వచ్చిన ఒకావిడ బ్లౌజు సంగతి మరిచిపోయి అరగంట చూసింది. మధ్యాహ్నానికి రెండూ కలిసి సగం తినేశాయి. గుడ్లున్న ఆకులు కత్తిరించి వెడల్పాటి గాజు గిన్నెలో వేశాను. కొన్ని తెల్లగా మారుతున్నాయి, వాటి మీద దూదిలా ఏదో పడుతోంది. నీలం మందు సీసా ముప్పాతిక వంతు మిగిలి ఉంది. గుడ్లకు వేయవచ్చని ఎవరో అన్నారు. ఈసారి అడిగి వేద్దామని ఆగాను.

నీటిచుక్క

వేయండి. ఆ గిన్నెలో చంపడానికి స్పాంజి లేదు. నీళ్లు లేత నీలంగా కనిపిస్తే చాలు, సిరా కానక్కరలేదు. తెల్లబడినవి ఫలదీకరణ కానివి, బూజు వాటికే ముందు పడుతుంది. సూదిమొనతో ఏరి తీసేయండి. మిగిలినవి ఈ ఎండలకు మూడు నాలుగు రోజుల్లో పిల్లలవుతాయి.

కొల్లేటి గట్టు

బాబాయ్ గారూ, పిల్లలు కదలడం మొదలుపెట్టిన రోజు చెప్పండి. మొదటి మేతగా ఉడికించిన గుడ్డు పచ్చసొన గుడ్డలో వేసి పిండితే సరిపోతుంది. గుడ్డు ఉడికించడానికి ఆ కుక్కరు ఖాళీగానే ఉంది కదా.