టూడీ సిమ్యులేషన్‌కు ‘టర్బులెంట్’ అని పేరు పెట్టొచ్చా?

కావలి_కుర్రోడు: నాది ఎంటెక్ ప్రాజెక్టు. గుండ్రటి స్తంభం చుట్టూ నీటి ప్రవాహం, రెనాల్డ్స్ సంఖ్య (వేగాన్ని, స్తంభం వ్యాసాన్ని నీటి జిగటతో పోల్చే అంకె) 3900, ఓపెన్‌ఫోమ్ అనే ప్రవాహాల సాఫ్ట్‌వేర్‌లో ఎల్ఈఎస్ (పెద్ద సుడులను నేరుగా లెక్కించి, చిన్నవాటిని అంచనా వేసే పద్ధతి), టూడీ, అంటే రెండు దిశల్లోనే లెక్క. స్తంభం వెనక సుడులు అటొకటి ఇటొకటి చక్కగా విడిపోతున్నాయి. స్ట్రౌహల్ సంఖ్య (సుడులు ఎంత తరచుగా విడిపోతాయో చెప్పే అంకె) 0.23 వచ్చింది. టైటిల్లో ‘టర్బులెంట్’ అని రాస్తే మా గైడ్ కొట్టేశారు. ఏం తప్పుంది? ‘ఈ ఫలితాలు పెన్నా వంతెన స్తంభాలకు ఉపయోగపడతాయి’ అని చివర ఒక ముక్క కూడా రాశాను.

పెన్నా_గట్టు: గైడ్ చేసింది కరెక్టే. రెనాల్డ్స్ సంఖ్య 190 దాటితేనే స్తంభం వెనక ప్రవాహం మూడు దిశల్లోకి తిరుగుతుంది. సుడి సాగాలి, సన్నబడాలి, చిన్న సుడులుగా చీలాలి. అదీ టర్బులెన్స్. టూడీలో సుడి సాగుదామన్నా మూడో దిక్కు లేదు. ఇంతకీ డ్రాగ్, అంటే ప్రవాహం స్తంభాన్ని ఎంత బలంగా లాగుతుందో చెప్పే అంకె, ఎంతొచ్చిందో రాయలేదేం?

కావలి_కుర్రోడు: 1.65. కానీ స్ట్రౌహల్ చూడన్నా, ప్రయోగాల్లో 0.21. దగ్గరే గదా?

పెన్నా_గట్టు: అదే ప్రయోగాల్లో డ్రాగ్ 1 దగ్గర ఉంది. నీది ఒకటిన్నర రెట్లు దాటింది. సుడులు సెకనుకు ఎన్ని విడిపోతాయో టూడీ కూడా ఓ మాదిరిగా చెప్తుంది. ఎంత బలంగా లాగుతాయో చెప్పలేదు. నచ్చిన అంకె ముందు పెట్టి నచ్చనిది దాచావు.

ఒంగోలు_గిత్త: నాలుగు రంగుల బొమ్మలు పెడితే మార్కులు పడతాయి. వదిలెయ్యండి సామీ.

మెష్_పురుగు: లెక్క కోసం నీటిని గడులుగా కోశారు గదా, స్తంభం గోడ దగ్గర మొదటి గడి మందం ఎంత? వై ప్లస్ (ఆ గడి గోడకు చాలినంత దగ్గరగా ఉందో లేదో చెప్పే అంకె) చెప్పండి.

కావలి_కుర్రోడు: దాచలేదు, అడగలేదు కాబట్టి చెప్పలేదు. త్రీడీ అంటే స్తంభం పొడవునా వ్యాసానికి మూడు రెట్లయినా పెట్టి, దాన్ని యాభై పొరలుగా కొయ్యాలి. మా ల్యాబ్‌లో కరెంటు పోతే యూపీఎస్ పది నిమిషాలు. రెండుసార్లు రన్ సగంలో పోయింది. నా ల్యాప్‌టాప్‌లో రాత్రంతా ఫ్యాన్ మోత, అమ్మ తిట్లు. పెద్ద సంస్థల్లో చదివినోళ్లకేనా టర్బులెన్స్?

పెన్నా_గట్టు: పెద్ద సంస్థలని నేనెక్కడన్నాను? పేరు మార్చమన్నా, అంతే.

కావలి_కుర్రోడు: పేరు మారిస్తే ఆరు నెలల పని కాలేజీ ఎక్సర్‌సైజ్ అయిపోతుంది. అసలు నా ప్రాజెక్టు మీద మీకెందుకంత మంట?

పెన్నా_గట్టు: సరే, చెప్తా విను. నాకు మండింది టైటిల్ చూసి కాదు, నీ ఆఖరి ముక్క చూసి. మాది కోవూరు పక్క. 2021 నవంబరు వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే కోసుకుపోయింది. మా నారుమడి మీద ఇసుక మేట వేసింది. రెండు మీటర్ల స్తంభం, సెకనుకు మూడు మీటర్ల వరద అనుకో: రెనాల్డ్స్ సంఖ్య 60 లక్షలు. నీ 3900 ఏ మూలకు? నున్నటి స్తంభానికి 3 లక్షల దగ్గర డ్రాగ్ 1.2 నుంచి 0.3కు దిగిపోయే చోటు మధ్యలోనే ఉంది, అది నీ లెక్కలోకి రానే రాదు. పైగా వంతెనకు ప్రమాదం ఆ వెనక సుడులొక్కటే కాదు. స్తంభం మొదట్లో, ఇసుక మీద, గుర్రపు నాడాలా చుట్టుకునే సుడి పునాది పక్కన గుంట తవ్వేస్తుంది. నీ టూడీలో అసలు నేలే లేదు కదా అబ్బాయ్!

ఒంగోలు_గిత్త: కట్ట తెగితే స్తంభం ఏం చేసిందన్నా?

పెన్నా_గట్టు: నేను చెప్పేది అది కాదు. రేపు ఎవరో ఈ థీసిస్ చూపించి ‘లెక్క చూశాం, వంతెనకు ఢోకా లేదు’ అంటే?

కావలి_కుర్రోడు: నా థీసిస్ అటెండర్ కూడా చదవడు. అయినా నేల లేదన్నది నిజమే. ఆ ముక్క తీసేస్తా. టైటిల్ మాత్రం మార్చను.

పెన్నా_గట్టు: అయితే గైడ్ సంతకం పెట్టడు.

మెష్_పురుగు: వై ప్లస్ ఇంకా చెప్పలేదు.