12 లక్షల లోన్‌తో మ్యూజిక్ డిగ్రీ: తీర్చగలమా?

ప్రశ్న (అడిగినవారు: చెల్లికోసం)

మా చెల్లి ఇంటర్ పూర్తి చేసింది. కర్ణాటక గాత్రంలో వర్ణాలు దాటి కీర్తనల్లోకి వచ్చింది, కీబోర్డ్‌లో ట్రినిటీ (లండన్ సంగీత పరీక్షల బోర్డు) 5వ గ్రేడ్ అయింది. బెంగళూరులో ఒక ప్రైవేటు కాలేజీలో మూడేళ్ల మ్యూజిక్ కోర్సు చేస్తానంటోంది. ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 4 లక్షల పైమాటే. 12 లక్షలు లోన్ అనుకుంటున్నాం, వడ్డీ 11 శాతం చెబుతున్నారు. నాన్నగారు రిటైరయ్యారు, కాబట్టి మొదట్లో కట్టేది నేనే. తర్వాత తన సంపాదనతో తీరుతుందా?

జవాబు 1 (లోన్ కౌంటర్)

ముందు లెక్క చూడండి. కోర్సు మూడేళ్లు, ఆపైన ఏడాది మారటోరియం. ఈ నాలుగేళ్లూ వాయిదా ఉండదు గానీ సాధారణ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఏటా 4 లక్షలు విడుదలైతే మొదటి విడత మీద వడ్డీ 1,76,000, రెండోదాని మీద 1,32,000, మూడోదాని మీద 88,000. మొత్తం 3,96,000. వాయిదాలు మొదలయ్యేనాటికి అప్పు 15.96 లక్షలు. పదేళ్లకు పెట్టుకుంటే నెలకు దాదాపు 22,000. పదిహేనేళ్లకు సాగదీస్తే 18,140కి దిగుతుంది, కానీ మొత్తం కట్టేది 26.4 లక్షల నుంచి 32.6 లక్షలకు పెరుగుతుంది.

చదువుతున్నప్పుడే నెలనెలా వడ్డీ కట్టేస్తే (మొదటి ఏడు 3,667, రెండో ఏడు 7,333, ఆ తర్వాత 11,000) అసలు 12 లక్షల దగ్గరే ఆగి వాయిదా 16,530 అవుతుంది. ఇలా కట్టేవాళ్లకు చాలా బ్యాంకులు వడ్డీలో 1 శాతం తగ్గిస్తాయి, అడగండి. మామూలు స్కీములో 7.5 లక్షలు దాటితే ఇల్లో స్థలమో తనఖా అడుగుతారు. 4 లక్షలు దాటితే ఖర్చులో 5 శాతం మీరు పెట్టుకోవాలి.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. సెక్షన్ 80ఇ కింద వడ్డీకి పన్ను మినహాయింపు తనకోసం, భార్యాభర్తల కోసం, పిల్లల కోసం తీసుకున్న లోన్‌కే వస్తుంది. మీరు చట్టపరంగా గార్డియన్ అయితే తప్ప చెల్లెలి లోన్‌కు అన్నగా మీరు కడితే రాదు. ఆమె పేరు మీద లోన్ ఉండి ఆమే కడితే ఎనిమిదేళ్లు వస్తుంది, అదీ పాత పన్ను విధానంలోనే.

జవాబు 2 (కీబోర్డు మాస్టారు)

ఇప్పుడు సంపాదన వైపు. పిల్లలకు పాఠాలు చెబితే గంటకు 500 వస్తుందనుకుందాం. 22,000 వాయిదాకే నెలకు 44 క్లాసులు కావాలి. అద్దె, తిండికి 25,000 అనుకుంటే ఇంకో 50. మొత్తం 94. చూడ్డానికి ఎక్కువేం కాదనిపిస్తుంది. అసలు ఇబ్బంది టైముతోనే. పిల్లలు బడి నుంచి వచ్చాక, సాయంత్రం 5 నుంచి 8 దాకానే దొరుకుతారు. ఐదు రోజులకు 15 గంటలు, శని ఆదివారాల్లో ఇంకో పది. అంటే దాదాపు ఖాళీ లేకుండా నిండితేనే ఆ 94 పూర్తవుతాయి. మార్చిలో పరీక్షలని మానేస్తారు, మేలో ఊళ్లకు పోతారు, దసరాకి మళ్లీ గ్యాప్. వాయిదాకి మాత్రం గ్యాప్ ఉండదు. కాబట్టి ఏడాదికి పది నెలల ఆదాయంతోనే లెక్క వేయండి.

ఆన్‌లైన్‌లో నేర్చుకునే అమెరికా పిల్లలు ఎక్కువ ఇస్తారన్నది నిజమే. కానీ తూర్పు తీరంలో సాయంత్రం 6 అంటే మనకు తెల్లవారుజామున 3:30, చలికాలంలో 4:30. ఆ వేళకు గొంతు లేవదు. పడమటి తీరం నయం, ఉదయం 6:30 లేదా 7:30.

స్టూడియో పని దొరికితే చేయవచ్చు, కానీ దాని మీద వాయిదా ఆధారపడకూడదు. ఆమె సొంతంగా ట్యూన్లు కడితే మాత్రం పాటల రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్ఎస్‌లో సభ్యురాలు కావాలి. 2012 కాపీరైట్ సవరణ తర్వాత సినిమా పాట కట్టినవారి రాయల్టీ వాటాను నిర్మాతకు రాసిచ్చినా చెల్లదు.

జవాబు 3 (శ్రుతిపెట్టె)

పట్టా ఎవరిస్తారో అడిగారా? కాలేజీ బోర్డు మీద డిగ్రీ అని ఉన్నా, చేతికొచ్చేది సొంత డిప్లొమా కావచ్చు. యూజీసీ గుర్తింపు ఉన్న యూనివర్సిటీ పేరు పట్టా మీద లేకపోతే కేంద్రీయ విద్యాలయం ప్రైమరీ మ్యూజిక్ టీచర్ పోస్టుకు పనికిరాదు. ఆ ఉద్యోగంలో మూలవేతనం 35,400తో మొదలు. 2022 నోటిఫికేషన్‌లో దేశమంతటికీ 303 పోస్టులు, అదీ ఏటా రాదు. అయినా నెలజీతం ఇచ్చే దారి కాబట్టి మూసేసుకోకూడదు.

గాత్రం ఇంత దూరం వచ్చింది కాబట్టి ప్రభుత్వ సంగీత కళాశాలలు చూడండి. విజయనగరంలోది 1919 నుంచి ఉంది, హైదరాబాద్ రాంకోఠిలో త్యాగరాజ కళాశాల ఉంది. సర్టిఫికెట్ నాలుగేళ్లు, డిప్లొమా రెండేళ్లు, ఫీజు నామమాత్రం. పక్కన మామూలు డిగ్రీ, కీబోర్డ్‌లో 8వ గ్రేడ్ పూర్తి చేయవచ్చు. గురువు దగ్గర ఐదేళ్లు నేర్చుకుని ఉంటే 18 నుంచి 25 ఏళ్లవారికి కేంద్రం ఇచ్చే యువ కళాకారుల స్కాలర్‌షిప్ కూడా ఉంది: నెలకు 5,000, రెండేళ్లు.

అడిగినవారు

80ఇ సంగతి అస్సలు తెలియదు. పట్టా గురించి కాలేజీకి మెయిల్ పెట్టాను. ఒకవేళ మొత్తం లోన్ 4 లక్షలతో సరిపెట్టుకుంటే?

లోన్ కౌంటర్

అయితే తనఖా లేదు, మీ వాటా పెట్టక్కర్లేదు. వడ్డీ కలిసి 5.32 లక్షలు, పదేళ్లకు నెలకు 7,300. మాస్టారి లెక్కలో 15 క్లాసులు. అడ్వాన్సు కట్టేముందు రీఫండ్ నిబంధన కాగితం మీద తీసుకోండి.